డెబ్భై ఎనిమిది వేలు తిరిగిన బండి

పాలకొల్లు,
ఆదివారం

చిన్నబాబూ,

నువ్వు పంపిన మూడు బళ్ళ ఫోటోలూ కాగితాలూ చూశాను. మూడూ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్‌లే, మూడూ 2018లో రిజిస్టరైనవే. జూబ్లీహిల్స్‌లోది 19,000 కిలోమీటర్లు తిరిగింది. భీమవరంలోది 31,000. కొండాపూర్‌లో డాక్టరు గారిది 78,000. "మొదటిదే ఖాయం చేద్దామనుకుంటున్నా మావయ్యా, రీడింగు చూశావు కదా, కొత్త బండి కిందే లెక్క" అని చివర్లో రాశావు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నావు గనక నా మనసు కుదుటపడింది. ఇది ఫోనులో తేలే విషయం కాదు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ మూడింట్లో నేను కొనమనేది డాక్టరు గారి బండి. ఎక్కువ తిరిగిన దాన్ని ఎందుకు కొనమంటున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ కోరిక తప్పని నేననను. "అంత డబ్బు పోసి పాత కారేవిటి, దానికి కొత్త బండే వస్తుంది కదా" అని మీ అమ్మ నాతో కూడా అంది. వస్తుంది. కానీ కొంతమందికి బండి ఎక్కి దిగడానికి, కొంతమందికి నడపడానికి. నువ్వు రెండో రకం. స్కూలుకి సెలవులిస్తే చాలు, మన షెడ్డుకొచ్చి స్పానర్లు అందించేవాడివి. ఏ ఇంజను చప్పుడు ఏ బండిదో రోడ్డు వైపు చూడకుండా చెప్పేవాడివి. అలాంటివాడు సంపాదించుకున్న రోజున ఆర్‌ఎస్ కొనాలనుకోవడంలో వింతేం లేదు. చూడ్డానికి నాలుగు తలుపుల ఇంటి బండి, వెనక బియ్యం బస్తాలు పట్టే డిక్కీ. లోపల మాత్రం రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 230 హార్స్‌పవరు, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేరుబాక్సు. ఈ 230 మన దేశంలోకి 2017లో వచ్చింది. మొన్న 2025లో కొత్త ఆర్‌ఎస్ తెచ్చినప్పుడు వంద కార్లే తెచ్చారు, ధర 49.99 లక్షలు. అంత పెట్టలేనివాళ్ళు పాత 230 కోసం వెతుక్కోవడం సహజం. ఇలా వెతుక్కునేవాళ్ళు ఎక్కువై బళ్ళు తక్కువైనప్పుడే అమ్మేవాళ్ళు రీడింగుని ముందు పెడతారు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో పడేది అదే.

డిజైరో వ్యాగనారో అయితే రీడింగు చాలా సంగతులే చెబుతుంది. ఆ బళ్ళు రోజూ తిరుగుతాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, అంతే. స్పోర్ట్స్ బండి సంగతి వేరు. ఇలాంటివి చాలావరకు ఇంట్లో రెండోదిగానో మూడోదిగానో ఉంటాయి. ఆదివారం పొద్దున్న ఔటర్ రింగు రోడ్డు మీద ఓ రౌండు, మళ్ళీ కవరు కప్పి సెల్లార్లో. రీడింగు పెరగదు. బండి వయసు మాత్రం ఆగదు.

మన వైపు చెరువులు తవ్వే జేసీబీ అమ్మకానికొస్తే ఎన్ని కిలోమీటర్లని ఎవరైనా అడుగుతారా? "ఎన్ని అవర్లు తిరిగింది" అంటారు. ట్రాక్టరైనా అంతే, రొయ్యల చెరువు గట్టు మీద జనరేటరైనా అంతే. ఇంజను ఎంతసేపు పనిచేసిందన్నదే దాని అసలు వయసు. అదే లెక్క నీ కార్లకి కట్టి చూడు. జూబ్లీహిల్స్ బండి ఊళ్ళోనే తిరిగిందనుకో. సిగ్నళ్ళూ, జామ్‌లూ కలుపుకుని గంటకి సగటున 18 కిలోమీటర్లు వేసుకుంటే 19,000 కిలోమీటర్లకి వెయ్యి గంటలు దాటింది. డాక్టరు గారి బండి విజయవాడ హైవే మీద సగటున 60తో వెళ్ళిందనుకో, 78,000కి 1,300 గంటలు. రీడింగులో నాలుగు రెట్లు కనపడ్డ తేడా, గంటల్లోకి మార్చేసరికి మూడో వంతు కూడా లేదు. పైగా ఆ వెయ్యి గంటల్లో ఎన్నిసార్లు చల్లటి ఇంజను స్టార్ట్ చేశారో ఆలోచించు. ఇంజను ఎక్కువగా అరిగేది స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో. నూనె ఇంకా అన్ని చోట్లకీ చేరదు, చేరినా వేడెక్కి పలచబడదు. కాఫీ షాపు దాకా నాలుగు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే కూలెంట్ కాస్త వేడెక్కుతుంది గానీ ఇంజనాయిలు వేడెక్కదు. లోపల పట్టిన తేమ, కాలని పెట్రోలు ఆ నూనెలోనే ఉండిపోతాయి. విజయవాడకి 275 కిలోమీటర్ల దారి. ఒక్కసారి స్టార్ట్ చేస్తే నాలుగైదు గంటలు ఒకే వేడిలో, ఒకే గేర్లో, బ్రేకు మీద కాలు పెట్టే పని పెద్దగా లేకుండా నడుస్తుంది. ఇంజనుకి అంతకంటే సుఖమైన పని లేదు.

ఇక నిలబెట్టిన బండి. తాళం వేసి వదిలేసిన ఇల్లు ఎలా పాడవుతుందో నీకు తెలుసు, మన తాతగారి ఇల్లు చూశావు కదా. బండీ అంతే. టైరు రబ్బరు వాడినా వాడకపోయినా గట్టిపడుతుంది. బ్రేకు ఆయిలు గాల్లోంచి తేమ పీలుస్తుంది, అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు, అది కిలోమీటర్ల లెక్క కాదు. కూలెంట్ గొట్టాలు, తలుపుల బీడింగులు, ఏసీ పైపుల దగ్గర వాషర్లు, ఇంజను కింద ఆయిలు సీళ్ళు కదలిక లేక ఎండి పగులుతాయి. బ్యాటరీ చచ్చిపోతుంది. ఇప్పుడు ఇంకో సంగతి కూడా వచ్చింది. 2023లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు రెండేళ్ళు తిరిగేసరికి ఎక్కడ చూసినా అదే అయింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. 2018 బండి ఆ పెట్రోలు రాకముందు తయారైంది. రోజూ తిరిగే బండిలో పెట్రోలు వారంలో అయిపోతుంది గనక దిగుల్లేదు. సగం ట్యాంకుతో నెలల తరబడి సెల్లార్లో ఉన్న బండిలో పంపు, ఇంజెక్టర్లు ఏమయ్యాయో విప్పితే తప్ప తెలీదు.

జూబ్లీహిల్స్ బండి కాగితాలు రెండోసారి జాగ్రత్తగా చూశాను. ఏడేళ్ళకి సర్వీసు బిల్లులు మూడే ఉన్నాయి. "తిరిగింది తక్కువే కదా అని చేయించలేదు" అని అమ్మే ఆయన నీతో అన్నాడన్నావు. కంపెనీ చెప్పింది 15,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. ఏడేళ్ళకి ఏడు ఉండాలి. ఒక నూనె రెండేళ్ళు, రెండున్నరేళ్ళు అదే ఇంజనులో ఉండిపోయింది. ఫోటోలో టైరు పక్కన అంకెలు పెద్దవి చేసి చూశాను, 0918 అని ఉంది. అంటే 2018లో తొమ్మిదో వారం తయారైన టైర్లు. ఇప్పటికీ అవే. గాడి లోతు చూస్తే కొత్తవిలానే కనిపిస్తాయి. వానలో 120 మీద బ్రేకు కొడితే రోడ్డు పట్టుకోవు. 230 హార్స్‌పవరు బండికి అవి ఎంత ప్రమాదమో నీకు చెప్పక్కర్లేదు. పైగా ఫోటోలో సైలెన్సరు బయటిది వేసి ఉంది, గాలి తీసుకునే డబ్బా మార్చి ఉంది. ఆ రెండూ మార్చినవాడు సాఫ్ట్‌వేర్ రీమ్యాప్ చేయించకుండా ఉండడం అరుదు. అమ్మేముందు పాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించేస్తారు. 19,000 కిలోమీటర్లే, కానీ అందులో ఎన్ని కిలోమీటర్లు కాలు నేలకి తొక్కి నడిపినవో రీడింగు చెప్పదు.

మీటరుని మీటరుగా కూడా నమ్మలేం. అంబాసిడర్ల రోజుల్లో మీటరు కేబులు ఊడదీసి తిప్పేవాళ్ళు, లేదా డ్రిల్లింగు మిషను పెట్టి వెనక్కి నడిపేవాళ్ళు. ఇప్పుడు స్టీరింగు కింద ప్లగ్గులో చిన్న పరికరం పెడితే నిమిషాల పని. అయితే పట్టుకునే దారులూ పెరిగాయి. ఈ జర్మన్ రకం బళ్ళల్లో ఏదైనా లోపం వచ్చినప్పుడు దాన్ని రాసుకునే కంప్యూటరు అప్పటి కిలోమీటర్లు కూడా రాసుకుంటుంది. మీటరు 19,000 అంటూ, గేరుబాక్సు కంప్యూటర్లో ఎప్పుడో వచ్చిన లోపం 41,000 దగ్గర అని ఉంటే ఇంక మాట్లాడేదేం లేదు. షోరూము సర్వీసు రికార్డులో ప్రతిసారీ రీడింగు ఎక్కుతుంది. అవి వరసగా పెరుగుతూ ఉన్నాయా చూడాలి. మన షెడ్డులో పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు కూకట్‌పల్లిలో యూరప్ బళ్ళే చూస్తున్నాడు. స్కానరూ, లిఫ్టూ అతని దగ్గర ఉన్నాయి. అతనితో మాట్లాడాను, శనివారం టైము ఇచ్చాడు.

భీమవరం బండి సంగతి చెప్పాలి. ఇక్కడి నుంచి ఎంత దూరం, గురువారం వెళ్ళి చూసొచ్చాను. అమ్మే ఆయన మర్యాదస్తుడు, చెరువులున్నాయి. బండి బయట నిలబెట్టి ఉంది, ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది. స్టార్ట్ చేస్తే ఇంజను చక్కగా ఉంది. గేర్లు పడుతున్నాయి. రీడింగు 31,000, స్టీరింగు తోలు, సీటు అంచు కూడా ఆ రీడింగుకి తగ్గట్టే ఉన్నాయి. అంటే మీటరు నిజమే. నీ దగ్గరకి ఈ బండి హైదరాబాదులోనే వచ్చి ఉంటే పావుగంటలో కొనేసేవాడివి.

సీటు వెనక్కి జరిపి పట్టాల కింద టార్చి వేశాను. బోల్టులన్నీ తుప్పు. సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. మామూలుగా అంత దూరం ఎవరూ లాగరు. లోపల చుట్టలో ఉండే భాగం మీద అడ్డంగా ముదురు గీత, దానికి కిందదంతా మట్టి రంగు. డిక్కీలో స్టెప్నీ తీయించాను. గుంటలో మూలకి మెత్తటి ఒండ్రు ఎండిపోయి ఉంది, గోరుతో గీకితే రాలింది. మ్యాట్లు కొత్తవి. ఆర్‌సీ మీద పాత చిరునామా విజయవాడ, సింగ్‌నగర్.

నీకు అర్థమయ్యే ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి ఆ కాలనీలన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. టీవీలో చూసి మీ అత్తయ్య అన్నం తినలేదు. అక్కడ మునిగిన బళ్ళు ఎన్నో. బీమా కంపెనీ రిపేరుకి పనికిరాదని డబ్బు కట్టేసిన బండి వేలంలోకి వెళ్తుంది, ఎవరో కొని కడిగి, వైరింగు ఎండబెట్టి, మ్యాట్లు మార్చి, మళ్ళీ రోడ్డెక్కిస్తారు. చెన్నైలో 2015 డిసెంబరు వరదలప్పుడూ అంతే, హైదరాబాదులో 2020 అక్టోబరు వానలప్పుడూ అంతే. ఊరు మారేసరికి బండి చరిత్ర కూడా మారిపోతుంది. నేను అడిగితే ఆయన దాచలేదు. "నీళ్ళలో నిలబడిందండీ, అన్నీ చేయించాను, ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు. అబద్ధం కాదు. కానీ నీళ్ళు తగిలిన కనెక్టర్లు ఏడాదికి కాదు, రెండో ఏడాదికో మూడో ఏడాదికో పచ్చబడి తెగుతాయి. ఎయిర్‌బ్యాగుల కంప్యూటరు రెండు సీట్ల మధ్య నేలకి ఆనుకుని ఉంటుంది. బండి మునిగితే మొదట మునిగేవాటిలో అదొకటి. ప్రమాదంలో అది పనిచేస్తుందో లేదో ముందుగా పరీక్షించి చూసుకునే వీలు నీకు లేదు. ఆయన ఇంకో రెండు లక్షలు తగ్గిస్తానన్నాడు. ఊరికే ఇచ్చినా ఆ బండిలో నిన్ను కూర్చోనివ్వను.

ఇంకో మాట. వరద సంగతి లేకపోయినా, మన డెల్టాలో తిరిగిన బండిని కింద చూడకుండా కొనకూడదు. పేరుపాలెం, మొగల్తూరు వైపు ఉప్పుగాలి ఎలాగూ ఉంది. దానికి తోడు భీమవరం నుంచి నరసాపురం దాకా రోడ్ల మీద రొయ్యల లోడు లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ళు. ఆ నీళ్ళు చక్రాల మీంచి ఎగిరి అడుగున పడతాయి. పైన మెరిసే బండికి కింద సైలెన్సరు క్లాంపులు, సస్పెన్షను బోల్టులు పట్టు దొరక్కుండా తుప్పెక్కడం నేను చూస్తూనే ఉన్నాను. రేపు చిన్న బుష్ మార్చాలన్నా బోల్టు విరుగుతుంది, పది రూపాయల పని పదివేలవుతుంది. ఎన్ని కిలోమీటర్లు అన్నదానికంటే ముందు ఎక్కడి కిలోమీటర్లు అని అడగాలి. ఇంతకీ ఇక్కడి బండి తెలంగాణకి తీసుకెళ్తే ఎన్‌ఓసీ, అక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు ఎలాగూ తప్పేవి కావు.

ఇప్పుడు డాక్టరు గారి బండి. 78,000 అంటే ఏడేళ్ళకి ఏడాదికి 11,000 చిల్లర. అది ఎక్కువ కానే కాదు, ఒక మనిషి మామూలుగా వాడుకున్న బండి. వారానికోసారి విజయవాడ వెళ్ళొస్తారని చెప్పారన్నావు. మాట మీద నమ్మొద్దు, నమ్మకపోయినా తప్పు పట్టేవాళ్ళు లేరు. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఇమ్మను. 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కదా. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు ఏ తేదీన ఏ టైముకి దాటిందో బ్యాంకు దగ్గర ఉంటుంది. ఆ తేదీలన్నీ వరసగా కనిపిస్తే ఆ కిలోమీటర్లు హైవే కిలోమీటర్లే అని తేలిపోతుంది. సర్వీసు బిల్లులు ఎనిమిది ఉన్నాయి, ఏటా ఒకటి, ఒక ఏడాది రెండు. 61,000 దగ్గర డీఎస్‌జీ ఆయిలు మార్చిన బిల్లు విడిగా ఉంది. అది చూసే నాకు ఆ యజమాని మీద గౌరవం కలిగింది. ఈ ఆరు గేర్ల డీఎస్‌జీలో క్లచ్చులు నూనెలో మునిగి ఉంటాయి, 60,000కి ఆ నూనె మార్చి తీరాలి. ఖర్చు ఎక్కువ, మార్చకపోయినా వెంటనే ఏమీ కనపడదు, అందుకే చాలామంది కొన్నవాడే మార్చుకుంటాడులే అని వదిలేస్తారు. ఈయన వదల్లేదు. స్పార్క్ ప్లగ్గులు మార్చారు. టైర్లు 2023లో నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి వేయించారు.

బానెట్ మీద రాళ్ళు తగిలిన చుక్కలు ఉన్నాయని, డ్రైవరు సీటు అంచు తోలు ముడత పడిందని నువ్వు బాధపడ్డావు. నాకు అవి నచ్చాయి. రాళ్ళ చుక్కలున్న బానెట్ మళ్ళీ రంగు వేయని బానెట్. ఏడేళ్ళ హైవే బండికి ముందంతా నున్నగా ఉంటేనే టింకరింగు షెడ్డుకి ఎందుకు వెళ్ళిందో అడగాలి. సీటు ముడత రీడింగుకి సరిపోయింది, దాచింది ఏదీ లేదు.

అలాగని ఆ 78,000 ఏమీ తినలేదని నేననను. తిన్నవి ఉన్నాయి. సస్పెన్షను బుష్‌లు, ముందు చక్రాల బేరింగులు, ఇంజను మౌంటింగులు, బ్రేకు డిస్కులు ఇవన్నీ కిలోమీటర్లతో అరిగేవే. డిస్కు అంచున వేలు పెట్టి చూస్తే గట్టు తెలుస్తుంది. ఈ ఇంజనుల్లో థర్మోస్టాటూ వాటర్ పంపూ కలిసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి కాలం గడిచాక కూలెంటు కారుస్తుందని కూకట్‌పల్లి కుర్రాడు చెప్పాడు, అతను ఎన్నో మార్చాడట. టైమింగు మాత్రం బెల్టు కాదు, చైను. చల్లటి స్టార్టులో గరగర వినపడకపోతే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. ఇదంతా కొలిచి లెక్క కట్టగలిగే ఖర్చు. జూబ్లీహిల్స్ బండికీ దీనికీ ధరలో మూడు లక్షల తేడా ఉందన్నావు. అందులో సగం ఈ పనులకి పక్కన పెట్టుకుని, మొదటి నెలలోనే అన్నీ చేయించేస్తే మిగతా సగం నీ జేబులోనే ఉంటుంది. జూబ్లీహిల్స్ బండిలో ఏం పోతుందో, ఎప్పుడు పోతుందో లెక్క కట్టడానికి నా దగ్గర కాగితమే లేదు.

అమెరికాలో లాంగ్ ఐలాండ్‌లో ఇర్వ్ గోర్డన్ అని ఒక సైన్సు మాస్టారు ఉండేవారు. 1966లో వోల్వో పీ1800 ఎస్ కొన్నారు, ఎర్రటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. 2013 సెప్టెంబరులో అలాస్కాలో ఆ బండి ముప్ఫై లక్షల మైళ్ళు దాటింది, అంటే మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. గిన్నిస్ బుక్కులో ఉంది. 2018లో ఆయన పోయేదాకా అదే బండి నడిపారు. ఆయన చేసింది ఏవిటంటే కంపెనీ పుస్తకంలో ఏ పని ఎప్పుడు చేయించమన్నారో అప్పుడు చేయించడం. మన ఊళ్ళో పెళ్ళిళ్ళకీ తిరుపతికీ తిరిగిన అంబాసిడర్ల చరిత్ర కూడా అదే. యజమానే డ్రైవరైన బండి లక్షలు తిరిగినా ఘాటు రోడ్డు ఆయాసపడకుండా ఎక్కేది. పెద్ద ఇంట్లో షెడ్డులో ఉన్న బండి సంక్రాంతికి తీస్తే స్టార్టు కాక నలుగురు తొయ్యాల్సి వచ్చేది. ఆ రెండు రకాలూ నా చేతుల్లో విప్పాను, లోపల ఏముందో కళ్ళతో చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రీడింగు అసలు చూడొద్దా అంటే, చూడాలి. రెండు బళ్ళూ ఒకే శ్రద్ధతో ఉన్నాయనుకో, తక్కువ తిరిగిందే కొను, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. 19,000 తిరిగి, ఏడు సర్వీసులు ఏటా చేయించి, టైర్లు మార్చి, నెలకి రెండుసార్లైనా బాగా వేడెక్కేదాకా నడిపిన బండి ఎక్కడైనా కనపడితే నాకు చెప్పకుండా కొనెయ్, అది దొరకడం అదృష్టం. రేపు నువ్వు అమ్మేటప్పుడు కూడా కొనేవాడు మొదట రీడింగే అడుగుతాడు, ధర అక్కడే తగ్గుతుంది, ఆ నష్టం ఇప్పుడే నీ లెక్కలో వేసుకో. ఏ కాగితమూ లేని బండికి రీడింగు ఒక్కటే ఆధారం అనుకుంటారు. కాగితం లేని చోట ఆ అంకె కూడా ఆధారం కాదు, అలాంటి బండి వదిలేయడమే.

శనివారం ఎలా చూడాలో చెబుతాను. ముందురోజే డాక్టరు గారికి ఫోను చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని మర్యాదగా అడుగు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వెయ్యి, చల్లగా ఉండాలి. డిప్‌స్టిక్ తీసి నూనె చూడు, కూలెంట్ డబ్బా చూడు, ఆ తరవాతే స్టార్ట్ చెయ్. వెనక నుంచుని పొగ చూడ్డానికి ఒకణ్ణి పెట్టుకో. తెల్లటి ఆవిరి చలికి వచ్చి పోతుంది, నీలం పొగ వస్తే ఆగిపోదాం. రేడియో పెట్టకు, ఏసీ వెయ్యకు, ఐదు నిమిషాలు చెవి పెట్టి విను. బయల్దేరాక వేగంగా పోవడానికి తొందరపడకు. ఈ బండి వేగంలో బాగానే ఉంటుంది, డీఎస్‌జీ రోగం నెమ్మదిగా పోతున్నప్పుడే బయటపడుతుంది. ట్రాఫిక్కులో ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఒణుకు ఉందా చూడు. సెల్లారు ర్యాంపు మీద రివర్సు వేసి చూడు. స్పీడ్ బ్రేకరు మీద అద్దాలు దించి నిదానంగా ఎక్కించు, కింద చప్పుడు తెలుస్తుంది. తరవాత నేరుగా కూకట్‌పల్లి, లిఫ్టు మీద. పెయింటు మందం కొలిచే మిషను అతని దగ్గరే ఉంది, తలుపు తలుపుకీ పెట్టి చూస్తాడు. మనం వెళ్ళి చూస్తామంటే ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా పర్లేదన్న యజమాని సగం నమ్మకం ఇచ్చినట్టే. ఏదో వంక పెట్టి వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేద్దాం, అది 78,000 తిరిగినా 8,000 తిరిగినా సరే.

నచ్చినా అక్కడికక్కడ డబ్బు చేతిలో పెట్టకు. ఆర్‌సీ మీద బ్యాంకు అప్పు ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ ముందు రావాలి. ఫారం 29, 30 సంతకాలయ్యాక, డబ్బు బ్యాంకు ద్వారానే. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో నువ్వే సరిచూసుకో. ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర పాత క్లెయిములు ఏమున్నాయో అడగడం మర్చిపోకు. భీమవరం బండి కథ ఆ ఒక్క ప్రశ్నకే బయటపడేది.

అక్కయ్యకి నేను చెబుతాను, నువ్వు ఆ గొడవ పెట్టుకోకు. బావగారు ఎలాగూ నీ వైపే.

శుక్రవారం రాత్రి ఇక్కడే నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. స్టేషనుకి రానక్కర్లేదు, మీ ఇంటికి నేనే వచ్చేస్తాను. ఎనిమిదింటికి చూస్తామని డాక్టరు గారికి ఈరోజే చెప్పి ఉంచు. జూబ్లీహిల్స్ ఆయనకి మాత్రం ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు పంపకు, నేను వచ్చేదాకా ఆగు.

ఇట్లు,
మీ మావయ్య